మ్యూనిక్‌లో ఒక సెమిస్టర్: ముందు గది, తర్వాతే లెక్క

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాదులో ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతోంది. ఎక్స్ఛేంజ్ కింద అక్టోబరు నుంచి మార్చి వరకు జర్మనీలోని మ్యూనిక్‌లో చదివే అవకాశం వచ్చింది. అక్కడ ట్యూషన్ ఫీజు లేదు, ఇక్కడి కాలేజీ ఫీజు మాత్రం కట్టాలి. వీసా కోసం నెలకు 992 యూరోల చొప్పున చూపించాలన్నారు కాబట్టి ఆరున్నర లక్షలు సరిపోతాయనుకున్నాం. డిసెంబరులో గడువు తీరే 8 లక్షల ఎఫ్‌డీ, సేవింగ్స్‌లో లక్షన్నర, కొంత బంగారం ఉన్నాయి. ఎఫ్‌డీ రద్దు చేయాలా, నగలు తాకట్టు పెట్టాలా? పార్ట్‌టైం పని చేసి కొంత సంపాదించుకుంటానని అమ్మాయి అంటోంది.
– ఒక ఉపాధ్యాయురాలు, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మాయిని తప్పకుండా పంపించండి. అయితే ఆరున్నర లక్షల అంచనాను మాత్రం ఇక్కడితో వదిలేయండి. నెలకు 992 యూరోలన్నది జర్మనీ మొత్తానికీ వర్తించే వీసా లెక్క. లైప్‌జిగ్‌లో ఉండే విద్యార్థికీ అంతే, మ్యూనిక్‌లో ఉండే విద్యార్థికీ అంతే. అద్దెలు మాత్రం అలా సమానంగా ఉండవు. విద్యార్థుల గదుల అద్దెల్లో జర్మనీలో మ్యూనిక్‌దే మొదటి స్థానం. నలుగురు కలిసి ఉండే ఫ్లాటులో ఒక్క గదికే సగటున 800 యూరోల దాకా అవుతోంది. విద్యార్థి సంక్షేమ సంస్థ నడిపే వసతి గృహంలో గది దొరికితే అందులో సగంతో సరిపోతుంది.

మీ ఖర్చంతా ఈ ఒక్క విషయం మీదే ఆధారపడి ఉంది. యూరోను కాస్త ఎక్కువగా, 110 రూపాయలకు లెక్కకడదాం. వసతి గృహంలో గది 400, ఆరోగ్య బీమా 145, సొంత వంటతో తిండి 220, రవాణా 45, ఫోను, చిల్లర ఖర్చులు 60 అనుకుంటే నెలకు 870 యూరోలు. అప్పుడు 992లో నెలకు నూట ఇరవై దాకా మిగులుతాయి. ఊళ్లు చూడటానికి అవి చాలు. నెలకు 992 చొప్పున ఆరు నెలలకు ఆరున్నర లక్షలు. దానికి విమానం టికెట్టు, వీసా, చలి దుస్తులు, మొదటి రోజుల బస కలిపి లక్షా పాతిక వేలు, వసతి గృహం డిపాజిట్టు మరో అరవై డెబ్బై వేలు కలపండి. మొత్తం ఎనిమిదిన్నర లక్షలు.

బయట గది తీసుకుంటే అదే లెక్క పన్నెండున్నర లక్షలకు చేరుతుంది. నెలనెలా ఎక్కువయ్యే అద్దెకు తోడు డిపాజిట్టు భారం కూడా పడుతుంది. హీటింగు, నీటి ఖర్చులు కలపని అద్దెకు మూడు నెలల మొత్తం దాకా డిపాజిట్టు అడగడానికి అక్కడి చట్టం యజమానిని అనుమతిస్తుంది. అంటే రెండు లక్షల రూపాయలకు పైగా ఒక్కసారే చిక్కుకుపోతుంది. తిరిగి వస్తుంది కానీ, గది ఖాళీ చేసిన రోజే చేతికి రాదు, నెలలు పట్టవచ్చు. ఇందులో ఒక వెసులుబాటు ఉంది. ఈ డిపాజిట్టును మూడు నెలవారీ వాయిదాల్లో చెల్లించే హక్కు అద్దెకుండేవారికి అదే చట్టం ఇచ్చింది. మీ అమ్మాయి దీన్ని అడిగి వాడుకోవాలి.

అందుకే బ్యాంకుకు వెళ్లేముందు చేయాల్సిన పని ఒకటుంది. అక్కడి విశ్వవిద్యాలయం అంతర్జాతీయ విభాగానికి ఈ వారమే రాయించండి. ఎక్స్ఛేంజ్ విద్యార్థులకు వసతి గృహాల్లో కొంత కోటా ఉంటుంది, హామీ మాత్రం ఉండదు. కొరత నిజంగానే ఉంది. మ్యూనిక్‌లోని ఫ్రైమాన్ ప్రాంతంలో ఉన్న పెద్ద విద్యార్థి నివాసంలో 2021 అగ్నిప్రమాదం తర్వాత చాలా గదులు ఖాళీ చేయించారు. కోటాలో దొరక్కపోతే దాఖావు, ఫ్రైజింగ్, ఎర్డింగ్ వంటి లోకల్ రైలు ఊళ్లలో వెతకమనండి. జర్మనీ అంతటా లోకల్, ప్రాంతీయ రవాణాకు పనికొచ్చే నెలవారీ పాసు డాయిచ్‌లాండ్ టికెట్టు ఆ ఊళ్లకూ చెల్లుతుంది. దాని ధర 2026 జనవరి నుంచి నెలకు 63 యూరోలు, మ్యూనిక్ ఉన్న బవేరియా రాష్ట్రంలో విద్యార్థులకు తగ్గింపు ఉంది. ఆ టికెట్టుతోనే వారాంతాల్లో రేగెన్స్‌బుర్గ్, న్యూరెంబర్గ్, సరిహద్దు దాటి ఆస్ట్రియాలోని సాల్జ్‌బుర్గ్ దాకా ప్రాంతీయ రైళ్లలో వెళ్లి రావచ్చు. అది నెలనెలా దానంతట అదే కొనసాగే చందా కాబట్టి, తిరిగి వచ్చే నెల పదో తేదీలోపు రద్దు చేయడం మరచిపోవద్దు.

గది ఖరారు కాకుండా సెప్టెంబరు చివర్లో విమానం ఎక్కించకండి. అప్పుడు అక్కడ అక్టోబర్‌ఫెస్ట్ అనే పెద్ద బీరు పండుగ జరుగుతుంది, హాస్టళ్లలో మంచం ధర కూడా విపరీతంగా పెరుగుతుంది. ఇంకో జాగ్రత్త: యజమాని వేరే దేశంలో ఉన్నాడని, డబ్బు పంపితే తాళాలు కొరియర్ చేస్తాడని ఎవరైనా చెబితే అది మోసమే. గదిని కనీసం వీడియోలోనైనా చూడకుండా, ఒప్పందం లేకుండా ఒక్క యూరో కూడా పంపవద్దు.

ఇక మీ డబ్బు సంగతి. ఎఫ్‌డీ రద్దు చేయకండి. గడువు తీరడానికి నాలుగు నెలలే ఉందనగా రద్దు చేస్తే, ఇన్నాళ్ల వడ్డీ రేటులో అర శాతం నుంచి ఒక శాతం దాకా కోత పడుతుంది. రెండేళ్ల ఎఫ్‌డీ అయితే ఒక శాతం కోతకు దాదాపు పదమూడు వేలు పోతాయి. దాని బదులు ఎఫ్‌డీ మీదే అప్పు తీసుకోండి. సాధారణంగా 90 శాతం దాకా, అంటే 7.2 లక్షలు ఇస్తారు. వడ్డీ ఎఫ్‌డీ రేటు కంటే ఒకటి రెండు శాతమే ఎక్కువ. నాలుగు నెలలకు మీకు నికరంగా పడే భారం రెండున్నర వేల నుంచి ఐదు వేల లోపు. డిసెంబరులో ఎఫ్‌డీ చేతికి రాగానే ఆ అప్పు తీరిపోతుంది.

వసతి గృహం దొరికితే ఇదీ, సేవింగ్సూ సరిపోతాయి, బంగారం జోలికి వెళ్లనక్కర్లేదు. దొరక్కపోతే మూడు లక్షలు మించకుండా బంగారం మీద అప్పు తీసుకోండి, డిపాజిట్టు తిరిగి రాగానే అందులో కట్టేయండి. ఆ ఆరు నెలలు హైదరాబాదు హాస్టల్ గది ఖాళీ చేయించండి, అక్కడ మిగిలేదీ చిన్న మొత్తం కాదు. మీ పీఎఫ్ మాత్రం ముట్టుకోవద్దు.

విదేశాలకు పంపే సొమ్ము ఒక ఆర్థిక సంవత్సరంలో ఒక పాన్ మీద 10 లక్షలు దాటకపోతే టీసీఎస్, అంటే పంపేటప్పుడే బ్యాంకు వసూలు చేసే పన్ను, ఉండదు. దాటే పరిస్థితి వస్తే మిగతాది మీ వారి పాన్ మీద పంపండి. రుసుము లేదని చెప్పే చోట కూడా మారకపు రేటు చూడండి, వాళ్ల లాభం అందులో ఉంటుంది. ఇక్కడి క్రెడిట్ కార్డు అక్కడ గీకితే చాలా కార్డుల మీద 3.5 శాతం, దాని మీద జీఎస్టీ కలిపి వెయ్యి యూరోలకు 41 యూరోలు అదనంగా పోతాయి. కార్డు అత్యవసరానికే ఉంచి, రోజువారీ ఖర్చు అక్కడ తెరిచే ఖాతా నుంచే చేయమనండి.

పార్ట్‌టైం ఆదాయాన్ని ఈ లెక్కలో సున్నాగా వేసుకోండి. కనీస వేతనం గంటకు 13.90 యూరోలు అన్నది నిజమే. కానీ చిరునామా నమోదు, పన్ను నంబరు, బ్యాంకు ఖాతా అయ్యేసరికి మొదటి నెల గడిచిపోతుంది. జర్మన్ రానివారికి పని దొరకడానికి ఇంకా సమయం పడుతుంది. ఫిబ్రవరిలో పరీక్షలు. అక్కడ చదివిన సబ్జెక్టుల క్రెడిట్లను ఇక్కడి కాలేజీ గుర్తించకపోతే ఆ సబ్జెక్టులు మళ్లీ చదవాలి, ఉద్యోగ నియామకాల సమయమూ దెబ్బతింటుంది. గంటల కూలి ఆ నష్టాన్ని పూడ్చలేదు. ఏ సబ్జెక్టుకు ఏది సమానమో కాలేజీ విభాగాధిపతి సంతకంతో కాగితం మీద తీసుకున్న తర్వాతే టికెట్టు కొనండి.