పడవలే బండ్లయిన ఊరు

ప్రశ్న: మా అమ్మాయి నెదర్లాండ్స్‌లో ఎమ్మెస్ చేస్తోంది. వచ్చే నెల మేమిద్దరం వెళ్తున్నాం. గీట్‌హోర్న్ అనే చిన్న ఊరు చూపిస్తానంటోంది. అక్కడ రోడ్లే ఉండవట, అన్నీ కాలవలేనట, నిజమేనా? ఊరు అలా ఎందుకు కట్టుకున్నారు? ఏమేం చూడాలి?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: తప్పకుండా వెళ్ళండమ్మా. రోడ్లు అసలే లేవని కాదు, ఊరి అంచుదాకా బస్సూ కారూ వస్తాయి. పాత ఊళ్ళోకి మాత్రం కారు పోదు, నడక, సైకిలు, పడవ, అంతే. కాలవల మీద చెక్క వంతెనలే 170కి పైగా ఉన్నాయి, చాలావాటి మీదుగా దిగితే నేరుగా ఎవరింటి వాకిట్లోకో వెళ్తాం.

ఇంత అందంగా ఉన్నా ఆ కాలవలు అందం కోసం తవ్వినవి కావు. అక్కడి నేలంతా పీట్, అంటే వేల ఏళ్ళుగా నీళ్ళలో మురిగిన నాచూ రెల్లూ పేరుకుపోయిన నల్ల మట్టి. దాన్ని నీటి అడుగునుంచి తోడి, పక్కన వదిలిన సన్నటి గట్ల మీద పరిచి ఆరబెట్టి, ఇటుకల్లా కోసి అమ్మేవాళ్ళు, పొయ్యిలోకి అదే వంటచెరకు. ఆ సరుకు మోయడానికే కాలవలు. మన స్వర్ణముఖిలో ఇసుక తోడేసిన గుంతలు చూసే ఉంటారు కదా, అక్కడ అలాంటి గుంతలే సరస్సులయ్యాయి. తవ్వేకొద్దీ గట్లు బలహీనపడి 1776, 1825 వరదలకు కొట్టుకుపోయాయి. పక్కనున్న బ్యోలాకె అనే ఊరైతే 1776లో ఊరికి ఊరే మునిగింది, ఇప్పుడక్కడ పెద్ద సరస్సు ఉంది, దాని పేరులో మాత్రం ఆ ఊరు మిగిలింది. నాకు ఆ ప్రాంతంలో అన్నిటికన్నా మనసుకు పట్టేది ఇదే, పడవలో వెళ్ళేటప్పుడు అమ్మాయిని అడిగి అటు కూడా చూసి రండి.

గీట్ అంటే మేక, హోర్న్ అంటే కొమ్ము. 1170 నాటి వరదలో చచ్చిన అడవి మేకల కొమ్ములు మొదట వచ్చినవాళ్ళకు దొరికాయట, ఊరి పేరు అలా వచ్చిందని చెప్పుకుంటారు.

పాత రైతు ఇంటిని మ్యూజియంగా మార్చారు, పేరు ఒల్డె మాట్ యూస్, అది చూడండి. రెల్లు కప్పిన ఇళ్ళ కప్పులు గమనించండి, ముందు ఇల్లు పొట్టిగా, వెనక గడ్డివాము పెట్టే కొట్టం ఎత్తుగా, ఒంటె మూపురంలా ఉంటాయి. ఎండుగడ్డీ ఆవులూ కూడా పడవల్లోనే వెళ్ళేవి. ఆ పడవని పుంటర్ అంటారు, అడుగు చదునుగా ఉంటుంది, గెడ వేసి నెట్టాలి, మన పులికాట్‌లో నెట్టినట్టే.

పులికాట్ అంటే గుర్తొచ్చింది, డచ్చివాళ్ళు 1613లో అక్కడ గెల్డ్రియా కోట కట్టారు. ఊరు తమిళనాడులో ఉన్నా సరస్సులో ఎక్కువ భాగం మనదే. వీలైతే ప్రయాణానికి ముందే ఒక ఆదివారం అటు వెళ్ళి, ఊళ్ళో ఉన్న డచ్చి సమాధుల రాళ్ళ మీద చెక్కడాలు చూసి రండి.

స్టేన్‌వైక్ స్టేషన్‌లో రైలు దిగితే గీట్‌హోర్న్‌కి బస్సు ఉంటుంది. పొద్దున్నే చేరుకోండమ్మా, మధ్యాహ్నానికి టూరిస్టు పడవలు ఒకదానికొకటి తగులుకునేంత రద్దీ.