అత్తగారి ముందు ఆ ప్రశ్న అడిగితే ఏం చెప్పాలి?

ప్రశ్న: నా వయసు 27. ఇప్పుడు మూడో నెల. మొదటిసారి ఆస్పత్రికి వెళ్తే నర్సు ఫారం నింపుతూ అందరి ముందే ‘ఎన్నో కాన్పు? ఇంతకుముందు అబార్షన్లు అయ్యాయా?’ అని అడిగింది. పక్కనే మా అత్తగారు. ‘లేవు’ అన్నాను. నిజానికి పెళ్లికి ముందు ఒకసారి అయింది. మా ఆయనకు తెలియదు. నాది ఓ నెగెటివ్. ఒకటే టెన్షన్‌గా ఉంది. ఇవన్నీ వాళ్లకెందుకు? చెప్పకపోతే ఏమవుతుంది?
– ఒక సోదరి, ఖమ్మం

జవాబు: అత్తగారు వింటుండగా అడిగితే ఎవరైనా అలాగే చెబుతారమ్మా. అందులో మీ తప్పు లేదు. రద్దీ ఎక్కువ, గది ఒక్కటే అని మా ఓపీల్లో సర్దిచెప్పుకుంటాం కానీ, అది సాకే.

ప్రశ్న మాత్రం ఊరికే అడిగింది కాదు. నెగెటివ్ గ్రూప్ వాళ్లకు మరీ ముఖ్యం. అప్పటి పిండానిది పాజిటివ్ గ్రూప్ అయి, ఆ రక్తం కాస్త మీలో కలిసి ఉంటే, దానికి వ్యతిరేకంగా మీ ఒంట్లో యాంటీబాడీలు తయారయ్యే అవకాశం ఉంది. తొలి వారాల్లో అయితే రిస్క్ తక్కువే, నెలలు పెరిగేకొద్దీ పెరుగుతుంది. అవి ఉంటే ఇప్పటి బిడ్డకు రక్తహీనత, పుట్టాక తీవ్రమైన కామెర్లు రావచ్చు. ఐసీటీ అనే రక్తపరీక్షలో తెలిసిపోతుంది. లేవని తేలితే, అవి తయారవకుండా ఆపే యాంటీ-డి ఇంజెక్షన్ 28వ వారంలో ఒకటి, బిడ్డది పాజిటివ్ అయితే కాన్పయిన 72 గంటల్లోపు మరొకటి వేస్తారు. మీ ఆయనదీ నెగెటివే అయితే ఈ గొడవే లేదు. ‘తొలి కాన్పే కదా’ అనుకుని డాక్టర్ ఆ పరీక్షను తేలిగ్గా తీసుకుంటేనే చిక్కు.

ఈసారి వెళ్లినప్పుడు పరీక్ష గదిలో పక్కవాళ్లను బయటకు పంపుతారు కదా, అప్పుడు చెప్పండి. పంపకపోతే ‘డాక్టర్‌గారితో ఒంటరిగా మాట్లాడాలి’ అని అడగండి. ఇంటికి తెచ్చుకునే కార్డులో, స్కానింగ్ చీటీలో, డిశ్చార్జ్ కాగితంలో ఆ వివరం రాయొద్దని కూడా చెప్పండి. ‘జీ2 ఏ1’ (రెండో గర్భం, ఒక అబార్షన్) అని రెండక్షరాలు రాసినా తెలిసినవాళ్లు ఇట్టే చదివేస్తారు. ఆస్పత్రి కేస్‌షీట్‌లో ఉంటే చాలు.

డాక్టర్ మీ ఆయనకు చెప్పేస్తారేమోనన్న భయం వద్దు. 2002 నాటి వైద్యుల నియమావళి ప్రకారం కోర్టు ఆదేశం, ఇతరులకు తీవ్రమైన ముప్పు, ప్రభుత్వానికి తెలపాల్సిన అంటువ్యాధి వంటి సందర్భాల్లో తప్ప పేషెంటు రహస్యాలు బయటపెట్టకూడదు. అబార్షన్ చేయించుకున్న మహిళ వివరాలు బయటపెట్టిన డాక్టర్‌కు ఏడాది వరకు జైలు శిక్ష పడేలా 2021లో చట్టాన్ని సవరించారు కూడా.

ఫారంలో కులం, జీతం లాంటివి అడిగితే ‘ఇవెందుకు?’ అని నిలదీయొచ్చు. ఇది అలాంటిది కాదు.

అప్పటి మందుల చీటీ ఉంటే తీసుకెళ్లండి. లేకపోతే ఎన్నో నెలలో అయింది, మాత్రలతోనా, క్లీనింగ్ చేశారా, తర్వాత యాంటీ-డి వేశారా అన్నది గుర్తుచేసుకుని వెళ్లండి. వచ్చే నెల చెకప్ దాకా ఆగకుండా ఈ వారంలోనే వెళ్తే మంచిది.