బాబ్జీకి, పాలకొల్లు ఇంటి సంగతి

నరసాపురం

చిరంజీవి బాబ్జీకి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన ఆర్కిటెక్టు బొమ్మలు చూశాను. కళ్లజోడు తుడుచుకుని మరీ చూశాను. తాతయ్యగారి ఇల్లు అందులో మహా అందంగా ఉంది గానీ, వీధరుగులు కనపళ్లేదు. అరుగులుండాల్సిన చోట గాజు తలుపు, దాని వెనక కాఫీ కొట్టు. ఇంటి నడుమ ఆకాశం కనిపించే మండువాలో వాన పడకుండా పైన గాజు కప్పు. ఇంటి ముందు ఒక్క మనిషి కూడా లేడు, రెండు పూలకుండీలున్నాయి.

ఇంట్లో గదులు అతిథులకిచ్చి, ముందు భాగం ఊరికి వదిలేద్దామన్నావు. మంచి ఆలోచనే. పన్నెండేళ్ల నుంచి ఇక్కడ మా మామగారి ఇంట్లో నేను చేస్తున్నది ఆ పనే. చేసిన వెధవ పనులన్నీ ఇంకా గుర్తున్నాయి గనక ఫోన్లో చెప్పకుండా కాగితం మీద పెడుతున్నాను. ఫోన్లో అయితే “సరే పెద్దమ్మా, సరే” అని పెట్టేస్తావు.

ఆ ఆర్కిటెక్టు ఇల్లు చూసింది మార్చిలో కదూ? మార్చిలో ఏ ఇల్లయినా బాగానే ఉంటుంది. రూపాయి ఖర్చు పెట్టకముందు, వానాకాలంలో జోరున కురిసే రాత్రి ఒకటి చూసుకుని ఆ ఇంట్లో పడుకో. పడుకోవడమంటే నిద్రపోవడం కాదు. టార్చిలైటు పట్టుకుని గదిగదికీ తిరిగి, ఎక్కడ చుక్క పడుతోందో అక్కడ నేల మీద సుద్దముక్కతో గుర్తు పెట్టు. నాలుగు వైపుల కప్పుల నీళ్లూ మండువాలోనే పడతాయి. పడ్డవి తూములోంచి ఎంతసేపట్లో పోతున్నాయో చూడు. మీ అమ్మా నేనూ ఆ నీళ్లలో కాగితప్పడవలు వేసేవాళ్లం, వేసిన కాసేపటికే తూములోంచి పెరట్లోకి కొట్టుకుపోయేవి. ఇప్పుడలా పోవు. రోడ్డు మీద రోడ్డు పడి వీధులన్నీ ఎత్తయ్యాయి. మా గడపే వీధికంటే జానెడు పల్లంలో ఉంది. మీదీ అంతే ఉంటుంది. తూము సంగతి తేలకుండా గదులకి రంగుల గురించి నాతో మాట్లాడకు.

గాజు కప్పు మాటెత్తకు. గదుల్లో వేడంతా పైకి పోయేది మండువాలోంచే. దానికి మూత పెడితే ఏప్రిల్ వచ్చేసరికి ఇల్లు ఆవిరి కుడుము అవుతుంది. అప్పుడు ప్రతి గదికీ ఏసీ, ఆ ఏసీలకి కరెంటు బిల్లు.

ఇక నా పెద్ద తప్పు. మొదటి ఏడాది దక్షిణపు గోడ కింద మూడడుగుల మేర సున్నం పెళ్లలు రాలుతుంటే, ఇది పాతకాలపు సరుకు కదా అని అదంతా చెక్కించేసి సిమెంటు పూత పెట్టించాను. నున్నగా అద్దంలా వచ్చింది. అందరూ మెచ్చుకున్నారు. రెండో వానాకాలానికి ఆ సిమెంటు అలాగే ఉంది, దాని పైన మరో రెండడుగుల ఎత్తున గోడ ఉబ్బి, తెల్లగా ఉప్పు పూసింది. వేలితో గీరితే పంచదారలా రాలేది. మన గోదావరి నేలలో నాలుగడుగులు తవ్వితే నీళ్లు. ఆ తడిని ఇటుక పైకి లాగుతుంది. సున్నం పూత అయితే ఆ తడి ఎక్కడికక్కడ బయటికి ఆరిపోతుంది. సిమెంటు దారి మూసేసింది గనక అది ఇంకా పైకెక్కింది, నేలలో ఉప్పుని కూడా మోసుకెళ్లింది. ఆచంట వైపు నుంచి వచ్చిన ముసలి మేస్త్రీ గోడ మీద అరచెయ్యి ఆనించి, “గోడకి చెమట పోయే దారి ఉండాలమ్మా, మీరు రెయిన్‌కోటు తొడిగారు” అన్నాడు. మళ్లీ అంతా కొట్టించి, సున్నమూ ఇసకా ఇటుకపొడీ కలిపి, కరక్కాయలూ బెల్లమూ నానబెట్టిన నీళ్లు పోసి, గానుగ లేదు గనక రోట్లోనే దంచి పూయించాం. ఆరడానికి వారాలు పట్టింది. ఆ వారాల్లో తొందరపెట్టకూడదు, తడి గోనెలు కప్పుతూ ఉండాలి. సున్నం పని తెలిసిన మేస్త్రీలు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది మిగిలారు, అందరూ పెద్దవాళ్లే. ఇప్పుడే మాట్లాడి పెట్టుకో. కూడా ఒక కుర్రాణ్ణి పెట్టి నేర్పమను, ఆ కుర్రాడి కూలి నువ్వే ఇయ్యి.

దూలాలు టేకువి, వాటికేమవుతుంది అనుకుంటావు. మధ్యలో చూస్తే నిజంగానే ఏమీ కాదు. గోడలోకి దూరిన కొస ముందు పుచ్చుతుంది. చాకు మొనతో అక్కడ పొడిచి చూడు, వెన్నలో దిగినట్టు దిగితే ఆ కొస పోయినట్టే. అంతమాత్రానికి దూలమంతా తీసి ఇనప గర్డరు వేస్తామంటారు, వినకు. పుచ్చిన కొస వరకూ కోసి, కొత్త టేకు ముక్క అతికి, రెండు పక్కలా ఇనప పట్టీలు బిగిస్తే సరిపోతుంది. పెంకుల విషయం వేరు. 96 నవంబరు తుఫానులో కోనసీమంతా పెంకులు ఎండుటాకుల్లా లేచిపోవడం నేను కళ్లారా చూశాను. నీ చూరు చుట్టూ ఉన్న రెండు మూడు వరసల పెంకులకి చిల్లి పెట్టించి, తీగతో రీపర్లకి కట్టించు. బంగాళా పెంకులు పాతిళ్లు పడగొట్టే చోట దొరుకుతాయి. కావలసినదానికంటే ఎక్కువే కొని పెరట్లో పేర్చు. కోతులు ఊరుకోవు.

కాగితాల గురించి నీకు చెబితే విసుగు. అయినా విను. మీ అమ్మ పేరున పన్ను రసీదు ఉన్నంత మాత్రాన ఇల్లు మీదైపోదు. ముప్ఫై ఏళ్ల ఈసీ, అంటే ఆ ఇంటి మీద జరిగిన అమ్మకాల, తాకట్ల చిట్టా, తీయించు. మీ మామయ్యలవీ పిన్నులవీ సంతకాలు నమ్మకం మీద, నోటిమాట మీద వదిలెయ్యకు. అమెరికాలో ఉన్నవాళ్లు పంపే పవరాఫ్ అటార్నీకి ఇక్కడికొచ్చిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి, ఆ గడువు దాటబెట్టుకుని ఏడ్చినవాళ్లు మన చుట్టాల్లోనే ఉన్నారు. ముందు భాగం ఏ సంఘానికో లీజుకిస్తే, రిజిస్టరు చేయించు. పాలకొల్లులో డచ్చివాళ్ల కాలం నుంచీ పాత కట్టడాలున్నాయి. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నది ఏదైనా మీ ఇంటికి దగ్గరేమో కనుక్కో. దానికి 100 మీటర్ల లోపల కొత్త కట్టడం కట్టనివ్వరు, ఆ పైన ఇంకో 200 మీటర్ల దాకా అనుమతి తీసుకోవాలి.

ఇంకోటి, దీని మీద నువ్వు నిజాయితీగా ఆలోచించాలి. కేంద్ర పర్యాటక శాఖ వాళ్ల బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ పథకంలో చేరాలంటే గదులు ఆరు మించకూడదు, ఇంటివాళ్లు ఆ ఇంట్లోనే కాపురముండాలి. నువ్వు హైదరాబాదులో ఉండి వాచ్‌మన్‌తో నడుపుతానంటే అది లాడ్జీ అవుతుంది. లైసెన్సులూ కరెంటు రేటూ పన్నూ అన్నీ ఆ లెక్కలోకే పోతాయి. విదేశీయులు ఎవరైనా దిగితే 24 గంటల్లో వాళ్ల వివరాలు ప్రభుత్వానికి ఆన్‌లైన్లో పంపాలి. ఆ పని మర్నాటికి వాయిదా వేసే మనిషిని కౌంటర్లో పెట్టకు.

స్నానాల గదుల దగ్గర నేను మొండిగా ఉన్నాను, నువ్వూ ఉండు. పాత పడగ్గదుల్లో మూల చీల్చి బాత్రూము కడితే పది సంవత్సరాలు తిరక్కుండా ఆ గోడ పోతుంది. పెరటి వైపు విడిగా కొత్త వరస కట్టి, చిన్న కప్పున్న నడవతో కలుపు. అర్ధరాత్రి పదడుగులు నడవాల్సొస్తుందని గొణిగే అతిథి గొణుగుతాడు, ఆ గొణుగుడికి కడుతున్న ఖర్చు గోడ ఖర్చుకంటే తక్కువ. సెప్టిక్ ట్యాంకు మాత్రం నూతికి వీలైనంత దూరంగా.

ఇప్పుడు అరుగుల సంగతి. ఈ ఉత్తరం రాయడానికి కూర్చున్నది అసలు దీని కోసమే.

మా వీధిలో ఆడవాళ్లు లేసు అల్లుతారని నీకు తెలుసు. దొరల కాలంలో మిషనరీలు నేర్పిన పని, ఇప్పుడు ఇంటింటి పని. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది, పేపర్లలో ఫొటోలు పడ్డాయి. అల్లే మనిషికి దారపు ఉండ, సూది, చీకటి వంటిల్లు అలాగే ఉన్నాయి. ఇల్లు బాగుచేశాక నేను వాళ్లని మధ్యాహ్నాలు మా మండువా వసారాలో కూర్చోమన్నాను. అక్కడ వెలుతురు పైనుంచి సమంగా పడుతుంది, కంటికి హాయి. పదిమంది వచ్చేవాళ్లు. నాకు దురాశ పుట్టింది. వచ్చే అతిథులకి చూపించడానికి బాగుంటుందని, సాయంత్రం నాలుగింటికి రావాలి, అందరూ ఒకే రంగు చీర కట్టుకోవాలి అన్నాను. బెంగుళూరు నుంచి వచ్చిన ఒకాయన ఫొటోల కోసం ఒకావిడ గడ్డం కింద చెయ్యి పెట్టి మొహం వెలుతురుకి తిప్పాడు. ఆవిడ ఏమీ అనలేదు. సూది ఉండలో గుచ్చి, మూట కట్టుకుని లేచింది. మిగతావాళ్లూ లేచారు. నెల రోజులు ఒక్కరూ రాలేదు. నేను ఇంటింటికీ వెళ్లాను. ఒకమ్మాయి గుమ్మంలోనే నిలబడి, “మీ వసారాలో మాకు నీడ ఇస్తున్నారనుకున్నాం గానీ పెద్దమ్మగారూ, గాజుల కొట్టులో బొమ్మల్లా పెడతారనుకోలేదు” అంది.

అప్పుడు మార్చాను. వసారా వాళ్లది. ఎప్పుడు రావాలో ఎప్పుడు పోవాలో వాళ్లిష్టం. అతిథి అక్కడికి వెళ్లాలంటే వాళ్లని అడగాలి. గోడకి ఒక బీరువా పెట్టాను, ఎవరి ముక్క మీద వాళ్లే చీటీ కట్టి ధర రాస్తారు, నేను పైసా తీసుకోను. నా గదుల్లో గలేబులకి అంచులు వాళ్ల దగ్గరే, వాళ్లు చెప్పిన రేటుకే కొంటాను. ఇప్పుడు విచిత్రం చూడు, అతిథులు రెండోసారి రావడానికి చెప్పే కారణాల్లో ఆ వసారా ముందుంటుంది.

అందుకే చెబుతున్నాను, ఊరివాళ్లు అతిథుల కోసం అక్కడుండకూడదు. ముందు ఊరు లోపలికి రానీ, ఏడాది పాటు. ఆ తర్వాత గదులు తెరువు. పాలకొల్లులో ఎవరికి ఏ చోటు కావాలో నాకంటే నీకే తెలియాలి. తెలియకపోతే అరుగు మీద కూర్చో, వాళ్లే చెబుతారు. వేటపాలెంలో సారస్వత నికేతనం గ్రంథాలయం 1918లో పెట్టింది, ఇవాళ్టికీ పాత పత్రికల కోసం దూరాల నుంచి వెళ్తారు. మీ తాతయ్య పుస్తకాల బీరువాలు మూడున్నాయి కదా, అట్టల్ని చెదలు తినకముందు వాటిని అరుగు పక్క గదిలో పెట్టు, చదివే పిల్లలకి సాయంత్రం ఒక ట్యూబులైటు, ఒక ఫ్యాను చాలు. నేను రెండు నియమాలే పెట్టాను: పేకాట లేదు, పార్టీ మీటింగు లేదు. రెండోదాని వల్ల ఒక ఎన్నికలప్పుడు ఇరుపక్షాలకీ శత్రువునయ్యాను. పెళ్లి భోజనాలు కూడా వద్దన్నాను, అది మాత్రం నియమం కాదు, సెప్టిక్ ట్యాంకు భయం.

అతిథులెవరొస్తారంటావా? సంక్రాంతికి చుట్టాలింట్లో చోటు చాలనివాళ్లు, పెళ్లిళ్లకొచ్చేవాళ్లు. మీకు క్షీరారామం ఉంది, భీమవరం సోమారామం దగ్గర, కార్తీకమాసంలో గదులు ఖాళీ ఉండవు. మాఘంలో అంతర్వేది తీర్థానికి వెళ్లేవాళ్లు మా రేవులో గోదావరి దాటించే సఖినేటిపల్లి పంటు ఎక్కేముందు నా దగ్గర దిగుతారు, వాళ్లలో కొందరిని నీ దగ్గరికి తోలుతాను. మే నెలలో ఎవరూ రారు, ఆ నెల మరమ్మతులకి అట్టేపెట్టు. పొద్దున్న దిబ్బరొట్టి, చెరకు పానకం పెట్టు. బ్రెడ్డు ఆమ్లెట్టు కావాలన్నవాడికి హోటలు దారి చూపించు. వంటకి బయటి మనిషిని కాకుండా వీధిలో ఆవిణ్ణే పెట్టుకో, నెల జీతంతో, తప్పనిసరిగా ఫుడ్ లైసెన్సు రాయించి.

డబ్బు గురించి నా లెక్క ఒకటే: గదుల మీద వచ్చేది కప్పుకీ, అరుగుకీ, వంటావిడ జీతానికీ సరిపోవాలి. నాకు అయిదో ఏడు దాకా సరిపోలేదు. నీ బ్యాంకు అప్పు ఆ అయిదేళ్లు ఆగుతుందో లేదో చూసుకుని సంతకం పెట్టు. ఆగదంటే రెండు గదులతోనే మొదలుపెట్టు, మిగతావి తాళం వేసి ఉంచు. తాళం వేసిన గదికి నెలకోసారి కిటికీలు తెరవాలి, అది మరిచిపోకు.

వానలు మొదలవగానే కబురు చెయ్యి. మేస్త్రీని వెంటబెట్టుకుని నేనే వస్తాను, ఆయనకి బస్సు పడదు, ఆటో మాట్లాడుతాను. పక్కింటివాళ్ల దగ్గర పొడుగు నిచ్చెన ఉంది, అడిగి పెట్టు. సుద్దముక్కలు నేను తెస్తాను, బడిలో పాఠాలు చెప్పడం మానేసి ఇన్నేళ్లయినా డబ్బాలో ఇంకా ఉన్నాయి.

నీ పెద్దమ్మ