సజ్జ మీద కాళ్ళు వణుకుతున్నాయి, ఇంట్లో ఎలా చెప్పను?

ప్రశ్న: మాది విజయవాడ. నాకు 31 ఏళ్ళు. ఐటీఐలో రిఫ్రిజిరేషన్ ట్రేడ్ చేసి, పదేళ్ళుగా ఏసీ మెకానిక్‌గా పనిచేస్తున్నాను. ఒక సర్వీస్ ఫ్రాంచైజీ కింద కాల్‌కి ఇంత అని ఇస్తారు, నెల జీతం లేదు. మొన్న మే నెలలో నాతో పనిచేసే స్నేహితుడు మూడో అంతస్తు సజ్జ మీద నుంచి పడిపోయాడు. ప్రాణం దక్కింది గానీ తుంటి విరిగింది. నిజానికి ఆ కాల్ నాది. నాకు వేరే చోట పని తెమలక వాణ్ణి వెళ్ళమన్నాను. అప్పటి నుంచి సజ్జ మీదికి దిగితే కాళ్ళు వణుకుతున్నాయి. రాత్రిళ్ళు వాడు పడుతున్నట్టు కలలొస్తున్నాయి. నిద్ర కోసం రోజూ క్వార్టర్ తాగుతున్నాను. పై అంతస్తుల కాల్స్ వదిలేస్తుంటే రాబడి పడిపోయింది. సీజన్ అయిపోయింది కదా అని నా భార్యకు సర్దిచెబుతున్నాను. "సీజన్‌లో మనిషి దొరకడు, సీజన్ అయ్యాక డబ్బు దొరకదు" అంటుంది తను. మామగారేమో సౌదీలో ఉన్న బావమరిది దగ్గరికి దసరాలోపు వెళ్ళమంటున్నారు. ఏజెంటుకు కట్టాల్సిన లక్షన్నర తానే అప్పుగా ఇస్తానంటున్నారు. మాకు ఐదేళ్ళ పాప. మగాడినై ఉండి భయమేస్తోందని ఎలా చెప్పాలి?

జవాబు: తమ్ముడూ, ముందు ఆ చివరి మాట సంగతి తేలుద్దాం. మీది పిరికితనం కాదు. ఇన్నేళ్ళు ఏ ఆధారమూ లేకుండా నిలబడ్డ చోటు ఎంత ప్రమాదమైనదో మీ ఒంటికి మేలో తెలిసొచ్చింది. ఎడమ చేత్తో కిటికీ గ్రిల్ పట్టుకుని, కుడిచేతి స్పానర్‌తో ఫ్లేర్ నట్ బిగిస్తూ, వానకు పాచి పట్టిన సజ్జ మీద ఒక కాలు, బ్రాకెట్ మీద ఒక కాలు పెట్టి నిలబడటం ధైర్యం ఏమీ కాదు. అలవాటు, అంతే. ఆ గ్రిల్ నాలుగు స్క్రూల మీద ఉందో, గోడలోకి దిగి ఉందో పట్టుకునేవాడికి తెలియదు. మెయిన్ ఆపేసినా కెపాసిటర్‌లో కరెంటు నిలిచి ఉంటుంది. అది డిశ్చార్జ్ చేయకుండా చెయ్యి తగిలితే కొట్టే షాక్ నేల మీద ఉన్నవాడికి ఒక తిట్టుతో పోతుంది. సజ్జ మీద ఉన్నవాడికి చెయ్యి జారిపోతుంది. ఇదంతా మీకు నాకంటే బాగా తెలుసు. తెలిసీ దిగుతున్నారు, ఎందుకంటే లోపల నుంచి "బాబూ, కాస్త త్వరగా కానివ్వండి" అని ఒకరు, ఫోన్‌లో "ఇంకా నాలుగు కాల్స్ పెండింగ్" అని ఒకరు.

ఇక్కడ నా కోపం కూడా చెప్పుకోవాలి. అపార్టుమెంటు కట్టేవాళ్ళు రెండో కారుకు కూడా చోటు చూస్తారు. అవుట్‌డోర్ యూనిట్‌ను మనిషి నిలబడి బాగుచేసే చోటు మాత్రం చూడరు. ఇల్లు చల్లగా ఉండాలనుకునే మాలాంటి వాళ్ళం కూడా ఆ మెకానిక్ నడుముకు బెల్టు ఉందా అని ఒక్కసారీ అడగం.

కాబట్టి మొదటి సలహా పనికి సంబంధించినదే. నడుముకు తాడు కట్టుకోవడం కాదు, భుజాలకీ తొడలకీ పట్టీలుండే ఫుల్ బాడీ హార్నెస్ వాడండి. దాన్ని గ్రిల్‌కి కాదు, కదలని కాంక్రీటు పిల్లర్‌కో స్లాబ్‌లో దిగిన యాంకర్‌కో తగిలించండి. రెండో మనిషి లేకుండా పై అంతస్తు కాల్‌కి వెళ్ళవద్దు. ఫ్రాంచైజీవాళ్ళు ఇవ్వకపోతే మీరే కొనుక్కోండి. "హార్నెస్, హెల్పర్ లేకుండా రాను" అన్నందుకు కొన్ని కాల్స్ పోతాయి. పోనివ్వండి. దానితో పాటు మీ బ్యాంకులో ప్రధానమంత్రి సురక్షా బీమా ఉందో లేదో చూడండి. ఏడాదికి 20 రూపాయలు. ప్రమాదంలో మరణిస్తే లేదా పూర్తి వైకల్యం వస్తే 2 లక్షలు, పాక్షిక శాశ్వత వైకల్యానికి 1 లక్ష. పెద్ద మొత్తం కాదు. అయినా ఎత్తులో పనిచేసే మనిషికి అది కూడా లేకపోతే ఎలా?

ఇక మీ స్నేహితుడి విషయం. కాల్ మీదే కావచ్చు. వాణ్ణి వెళ్ళమన్నది మీరే కావచ్చు. కానీ హార్నెస్ లేకుండా, తోడు లేకుండా ఆ సజ్జ మీదికి మనుషుల్ని దించే పద్ధతి మీరు పెట్టింది కాదు. ఆ రోజు మీరు వెళ్ళి ఉంటే మీరు పడేవారేమో, ఎవరూ పడకపోయేవారేమో, ఎవరూ చెప్పలేరు. పనులు ఒకరివి ఒకరు అందుకోవడం మీ వృత్తిలో రోజూ జరిగేదే. ఈ మాట నేను చెబితే మీ మనసు నమ్మదు, నాకు తెలుసు. మీరు అతన్ని వెళ్ళి చూసినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. మిమ్మల్ని నిద్రపోనివ్వనిది సగం ఎత్తు భయమైతే, మిగతా సగం ఇదే అని నాకనిపిస్తోంది.

వెళ్ళండి. క్షమించమని అడగడానికే అయితే ఓదార్చే బరువు మళ్ళీ అతని మీదే పడుతుంది. ఏదైనా పనికొచ్చేది పట్టుకుని వెళ్ళండి. పనిలో గాయపడినవాళ్ళకు పరిహారం ఇప్పించే చట్టం మన దేశంలో ఎప్పటి నుంచో ఉంది. "మా రోల్స్‌లో లేడు" అని యజమాని అనగానే అది ఆగిపోదు. ఆ రోజు కాల్ వచ్చిన వాట్సాప్ మెసేజ్, కాల్ షీట్, ఆసుపత్రి డిశ్చార్జ్ సమ్మరీ, బిల్లులు అన్నీ పోగుచేసి, ఇంకా ఆలస్యం చేయకుండా ఇద్దరూ కలిసి లేబర్ ఆఫీసుకు వెళ్ళండి. ఆ కాల్ నిజంగా ఫ్రాంచైజీ ఇచ్చినదే అని చెప్పగలిగినవారు మీరు. అతనికి ఇప్పుడు కావలసింది ఆ సాక్ష్యం.

తాగుడు గురించి కఠినంగానే చెబుతాను. మందు నిద్రపట్టిస్తుంది, కానీ తెల్లవారుజాము నిద్రను చెడగొడుతుంది, కలలు ఇంకా పెరుగుతాయి. పొద్దున్న ఒళ్ళు తూలుతుంటే దాన్ని కూడా మీరు భయమనే అనుకుంటారు. ఒక ఘోరం జరిగాక నెల దాటినా కలలు, వణుకు, ఆ చోటుకు వెళ్ళలేకపోవడం తగ్గలేదంటే అది వైద్యం అవసరమైన స్థితి. వైద్యంతో తగ్గుతుంది కూడా. మీకు మే నుంచీ ఉంది. 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్, ప్రభుత్వానిది, ఉచితం, ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడతారు. తర్వాత ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యుణ్ణి కలవండి. తాగని రోజు పొద్దున్న చేతులు వణకడం, చెమటలు పట్టడం ఉంటే మందు ఒక్కసారిగా మానేయకుండా డాక్టరుకు చెప్పి, ఆయన చెప్పిన పద్ధతిలో ఆపండి. మళ్ళీ ఎత్తు అలవాటు కావడం కూడా మెల్లగా జరగాలి. బాల్కనీలో ఉన్న యూనిట్లతో మొదలుపెట్టి, హార్నెస్‌తో మొదటి అంతస్తు, ఆపైన చూద్దాం. పై అంతస్తుల పనికి ఇక వెళ్ళలేనని తేలినా నష్టం లేదు. ఎందుకో కింద చెబుతాను.

మీ భార్య అన్న మాట మరోసారి చదవండి. అందులో నిష్ఠూరం కంటే మీ ఇంటి లెక్క ఎక్కువ ఉంది. మార్చి నుంచి జూన్ దాకా మీరు రాత్రి పదకొండింటికి వస్తారు, పాప నిద్రపోయి ఉంటుంది. ఆ తర్వాత డబ్బు ఉండదు, మీరు మాట్లాడరు, తాగుతారు. అసలు కారణం చెప్పకపోతే ఆమె మనసు ఎటెటు పోతుందో ఆలోచించండి. అప్పులా, ఇంకో మనిషా, మోసమా? మీరు దాస్తున్న నిజం ఆమె ఊహించుకునే వాటిలో ఏ ఒక్కదానికంటే కూడా చెడ్డది కాదు. తాగని పూట, పాప బడికి వెళ్ళాక, ఇంత మాత్రం చెప్పండి: "వాడు పడినప్పటి నుంచి నాకు పైకి ఎక్కాలంటే భయమేస్తోంది. అందుకే కాల్స్ తగ్గించాను, సీజన్ వల్ల మాత్రమే కాదు. డాక్టరు దగ్గరికి వెళ్దాం, నువ్వు కూడా రా." ఆమె ఏడవచ్చు, ముందే ఎందుకు చెప్పలేదని కోప్పడవచ్చు. దానికి తొందరపడి సమాధానం చెప్పకండి, వినండి.

డబ్బుకు ఒక్క మాట. సీజన్‌లో రోజువారీగా ఫోన్‌పేలో, చేతిలో వచ్చే సొమ్ము రోజువారీగానే పోతుంది. వచ్చే మార్చి నుంచి అందులో ఒక వంతు మీ భార్య పేరున ఖాతాలో పడేలా చేసి, జూలై తర్వాత నెలనెలా ఇంటి ఖర్చుకు అందులో నుంచే తీయండి. లెక్క ఆమే చూసుకుంటుంది.

పని మారాలనుకుంటే ఏసీ ట్రేడ్ అంటే సజ్జలే కాదు. గుంటూరులో మిర్చి నిల్వచేసే కోల్డ్ స్టోరేజీల్లో అమ్మోనియా ప్లాంటు ఆపరేటర్లు కావాలి. భీమవరం వైపు రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లలో, పెద్ద ఆసుపత్రుల్లో, మాల్స్‌లో నీళ్ళను చల్లబరిచే చిల్లర్లు, చల్లగాలిని గదులకు పంపే ఏహెచ్‌యూలు చూసుకునే మెయింటెనెన్స్ ఉద్యోగాలు ఉంటాయి. అక్కడ షిఫ్టులుంటాయి, అమ్మోనియాకు దాని ప్రమాదం దానికుంది. కానీ నెల జీతం వస్తుంది, రోల్స్‌లో ఉంటే పీఎఫ్, అర్హతను బట్టి ఈఎస్ఐ వస్తాయి. మీ ఐటీఐ సర్టిఫికెట్‌కు, పదేళ్ళ అనుభవానికి అక్కడ విలువ ఉంది. ఈ వానాకాలం ఖాళీలోనే అడగడం మొదలుపెట్టండి.

సౌదీ చెడ్డ దారేం కాదు. మన ఊళ్ళ నుంచి వెళ్ళి ఇళ్ళు నిలబెట్టుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. కానీ ఇప్పుడు వెళ్ళవద్దు. అక్కడ మీకిచ్చే పని కూడా మేడల మీద యూనిట్లు బాగుచేయడమే కావచ్చు. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదని అక్కడి నిబంధన పెట్టారంటే ఎండ ఏ పాటిదో ఊహించుకోండి. నిద్రలేని మనిషి, భయం చెప్పుకోని మనిషి, లక్షన్నర అప్పుతో అక్కడ దిగితే వెనక్కి రావడానికి కూడా దారి ఉండదు. పైగా లైసెన్సున్న ఏజెంటు సేవా రుసుము కింద 30 వేలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదు. లక్షన్నర దేనికో ఏజెంటును కాగితం మీద రాసివ్వమని మామగారిని అడగమనండి. ఏజెంటు పేరు విదేశాంగ శాఖ నడిపే ఇ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఉందో చూడండి. విజిట్ వీసా మీద పనికి పంపుతానంటే అక్కడితో మాట ఆపేయండి.

మామగారితో మీరొక్కరే వాదించకండి. మీ భార్యకు అంతా తెలిశాక ఇద్దరూ కలిసి వెళ్ళి, ఆరోగ్యం బాగాలేదు, వైద్యం జరుగుతోంది, సంక్రాంతి దాటాక ఆలోచిద్దాం అనండి. ఆయన అప్పు ఇవ్వడానికి సిద్ధపడ్డది కూతురూ మనవరాలూ బాగుండాలనే కాబట్టి, కూతురు నోటి నుంచి వస్తే ఆ మాట వింటారు.