డిజిటల్ యాంప్ ఉంటే రిసీవర్‌లో సిగ్నల్ దారి ఎలా తగ్గుతుంది?

మామూలు రిసీవర్‌లో (టీవీ, ప్లేయర్ల ఆడియోను తీసుకుని స్పీకర్లకు పంపే పెట్టెలో) హెచ్‌డీఎంఐ నుంచో ఆప్టికల్ కేబుల్ నుంచో వచ్చిన డిజిటల్ సిగ్నల్‌ను ముందు డాక్ (DAC, డిజిటల్-టు-అనలాగ్ కన్వర్టర్) చిప్ అనలాగ్‌గా మారుస్తుంది. ఆ తర్వాత వాల్యూమ్ సర్క్యూట్, సిగ్నల్‌ను సిద్ధం చేసే ప్రీయాంప్, స్పీకర్‌ను నడిపేంత బలం ఇచ్చే పవర్ యాంప్. ప్రతి చోటా కాస్త నాయిస్ కలుస్తుంది.

పూర్తి డిజిటల్ యాంప్‌లో ఈ మధ్య మజిలీలు ఉండవు. పీసీఎం అంకెలే (శబ్దాన్ని డిజిటల్‌గా రాసిన విలువలే) నేరుగా వెడల్పు మారే పల్స్‌లవుతాయి. వాల్యూమ్ కూడా లెక్కల్లోనే తేలిపోతుంది. ఆ పల్స్‌లు మాస్‌ఫెట్‌లను (స్విచ్‌లా పనిచేసే ట్రాన్సిస్టర్లను) సెకనుకు లక్షల సార్లు ఆన్, ఆఫ్ చేస్తాయి. చివర్లో ఒక కాయిల్, ఒక కెపాసిటర్ ఆ హై ఫ్రీక్వెన్సీని వడగట్టి మిగిలిన ఆడియోను స్పీకర్‌కు పంపుతాయి.

అయితే క్లాస్-డి (ఇలా ఆన్, ఆఫ్ స్విచింగ్‌తో నడిచే యాంప్ రకం) అని రాసి ఉన్నవన్నీ ఇలాంటివి కావు. చాలావాటికి అనలాగ్ ఇన్‌పుట్టే కావాలి, అంటే డాక్ తప్పదు. ఇక పూర్తి డిజిటల్ యాంప్‌కు రికార్డ్ ప్లేయర్ తగిలిస్తే కథ రివర్స్: అనలాగ్‌నే ముందు డిజిటల్ చేయాలి.