కన్వెన్షన్‌లో చీరల స్టాల్ పెడుతున్నా, అమ్మని కూర్చోబెట్టొచ్చా?

ప్రశ్న: మేడమ్, నేను న్యూజెర్సీలో ఉంటాను, గ్రీన్ కార్డ్ ఉంది. వచ్చే జులైలో ఇక్కడి తెలుగువాళ్ళ కన్వెన్షన్‌లో మంగళగిరి, వెంకటగిరి చీరల స్టాల్ బుక్ చేశాను. అమ్మ విజిటర్ వీసా మీద వస్తోంది, చీరలు తన సూట్‌కేసుల్లోనే తెస్తానంటోంది, స్టాల్‌లో కూడా తనే కూర్చుంటానంటోంది. ఇంకేం చూసుకోవాలి?
- ఒక పాఠకురాలు

జవాబు: ముందు అమ్మగారి సంగతే చెప్తానమ్మా, ఎందుకంటే మిగతావి తేడా వస్తే డబ్బు పోతుంది అంతే, ఇది వీసాకే వస్తుంది. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్ళు స్టాల్‌లో అమ్మకాలు చెయ్యకూడదు, పైసా తీసుకోకపోయినా సరే. సాయానికి వస్తానన్న ఫ్రెండ్ హెచ్4 (హెచ్1బీ మీద పనిచేసేవాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చే వీసా) మీద ఉండి ఈఏడీ, అంటే వర్క్ పర్మిట్ లేకపోతే ఆవిడకీ ఇదే మాట. సూట్‌కేసు ఐడియా కూడా వద్దు, అమ్మడానికి తెచ్చే సరుకు సొంత సామాను కిందకి రాదు, కస్టమ్స్‌లో డిక్లేర్ చెయ్యాలి. దానికన్నా ఇన్‌వాయిస్‌తో ముందే కార్గోలో తెప్పించుకుని డ్యూటీ కట్టేస్తే నిశ్చింత. అమ్మగారు అక్కడే ఉండగా చీరలు ఎంచి, ఫాల్, పీకో కూడా చేయించి పంపితే అంతకన్నా సాయం లేదు, ఇక్కడ ఆ పని చేసేవాళ్ళు దొరక్క కొనేవాళ్ళు అడిగే మొదటి మాట అదే.

బూత్ అంటే ఎక్కువ చోట్ల 10 బై 10 అడుగులు, వెనక ఒక కర్టెన్. కరెంటు విడిగా ఆర్డర్ పెట్టాలి, గడువు దాటితే రేటు పెరుగుతుంది, అయినా దానికి మాత్రం వెనకాడకండి, ఎందుకంటే ఆ పెద్ద హాలు లైట్ల కింద మెరూన్‌కీ బ్రౌన్‌కీ తేడా తెలీదు, నిజాం బోర్డర్‌లో జరీ అసలు మెరవదు, రెండు క్లిప్ లైట్లు తగిలిస్తే దారినపోయేవాళ్ళు ఆగుతారు. సరుకు ట్రక్కులో పంపితే హాలు లోపలికి చేర్చడానికి బరువు లెక్కన మళ్ళీ ఛార్జీ వేస్తారు, చేత్తో ఎంతవరకు తేనిస్తారో ముందే కనుక్కోండి.

జనం రోజంతా రారు, భోజనాల టైంలో, సాయంత్రం ప్రోగ్రాం ముందు ఒక్కసారిగా మీద పడతారు, ఒక్కరు ఉంటే చీర విప్పి చూపించాలా కార్డు గీకాలా? వర్క్ పర్మిట్ ఉన్న ఇంకొకరు ఉండాల్సిందే. అక్కడి వైఫై నమ్ముకోకండి, ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకోండి.

సేల్స్ టాక్స్ మాత్రం కన్వెన్షన్ జరిగే రాష్ట్రానిదే. మీ న్యూజెర్సీలో మామూలు బట్టలకి లేదు, అదే మిషిగన్‌లో అయితే 6 శాతం వసూలు చేసి కట్టాలి, కాబట్టి రేటు చీటీలు రాసేముందే ఆ రాష్ట్రం రూల్ చూసి పర్మిట్ తీసుకోండి.