సిటీ బస్సుల జీపీఎస్‌తో రోడ్డు రద్దీ తెలుసుకోవచ్చా?

ఊళ్లో బస్సులన్నిటికీ జీపీఎస్ ఉంది కదా, కొత్తగా కెమెరాలు పెట్టకుండా ఆ డేటాతోనే ఏ రోడ్డు ఎంత రద్దీగా ఉందో చెప్పొచ్చా అని అడిగారు. చెప్పొచ్చు. అయితే బస్సు నెమ్మదిగా కదలడానికి ట్రాఫిక్ ఒక్కటే కారణం కాదు. స్టాపులో ఆగిన సమయాన్ని విడిగా తీయకపోతే, మీ మ్యాపులో ఎర్రగా కనిపించేది జామ్ కాదు, జనం ఎక్కువగా ఎక్కే స్టాపు. పనిలో ముప్పాతిక వంతు ఈ విడదీయడమే.

ముందు డేటా శుభ్రం చేయాలి. ఏఐఎస్-140 (వాహనాల ట్రాకింగ్‌కు మన దేశంలో ఉన్న ప్రమాణం) పరికరం పంపే ప్యాకెట్లో, అంటే ఒక్కో సందేశంలో, స్థానం, వేగం, దిశ, ఉపగ్రహాల సంఖ్య, హెచ్‌డీఓపీ (స్థానం ఎంత నమ్మదగ్గదో చెప్పే అంకె, తక్కువుంటే మేలు), ఇగ్నిషన్ స్థితి ఉంటాయి. నెట్‌వర్క్ లేనప్పుడు దాచుకుని తర్వాత పంపిన ప్యాకెట్‌కు ‘హెచ్’, అప్పటికప్పుడు పంపినదానికి ‘ఎల్’ అని గుర్తు ఉంటుంది. ఈ గుర్తు చూడకపోతే ఎప్పుడో తీరిపోయిన జామ్ ఇప్పుడున్నట్టు కనిపిస్తుంది. సర్వర్‌కు చేరిన సమయం కాకుండా పరికరం వేసిన సమయమే వాడండి. అది యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటే 5:30 గంటలు కలపండి. ఫిక్స్ లేనివి (ఉపగ్రహాలతో స్థానం దొరకనివి), హెచ్‌డీఓపీ 3 దాటినవి తీసేయండి. డిపోలు, టెర్మినళ్ల చుట్టూ 200 మీటర్లు పూర్తిగా వదిలేయండి, అక్కడ బస్సు ఆగేది డ్రైవర్ విరామం కోసం.

తర్వాత ప్రతి పాయింటును రూట్ గీత మీదకు తెచ్చి, మొదటి స్టాపు నుంచి ఎంత దూరంలో ఉందో లెక్కించాలి. మ్యాపు డేటాను దాచి లెక్కించే డేటాబేస్ పోస్ట్‌జీఐఎస్‌లో దీనికి ఫంక్షన్ ఉంది. కానీ పోయే దారి, వచ్చే దారి ఒకే గీతగా ఉంటే బస్సు వెనక్కి గెంతినట్టు వస్తుంది. దిశకో గీత పెట్టుకోండి, దూరం పెరుగుతూనే ఉండాలనే షరతు పెట్టండి. హైదరాబాద్‌లో మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పీవీ ఎక్స్‌ప్రెస్‌వే పైన ఒక రోడ్డు, కింద ఇంకో రోడ్డు. అక్షాంశ రేఖాంశాలు రెండింటికీ ఒకటే, జీపీఎస్ ఇచ్చే ఎత్తును నమ్మలేం. ఇలాంటి చోట రూట్ నంబరును బట్టే తేల్చుకోవాలి.

రోడ్డును ముక్కలుగా కోసేటప్పుడు అత్యాశ వద్దు. పది సెకన్లకొక పాయింటు వస్తుందనుకుంటే, గంటకు 20 కి.మీ. వేగంతో వెళ్లే బస్సు ఆలోగా 55 మీటర్లు కదులుతుంది. 200 మీటర్ల ముక్క దాటడానికి 36 సెకన్లు చాలు. ఆ రెండు చివర్లా కలిపి 10 సెకన్లు తేడా వస్తే ఫలితంలో పావు వంతుకు పైగా తప్పే. 400 నుంచి 600 మీటర్లు మంచి కొలత.

ఇక అసలు చిక్కు, ఆగడాలు. వేగం 5 కి.మీ. కంటే తక్కువున్న వరుస పాయింట్లను ఒక ఆగడంగా తీసుకోండి. ఇందుకు పరికరం ఇచ్చే వేగమే మేలు, ఎందుకంటే నిలబడిన బస్సు స్థానం కూడా కొన్ని మీటర్లు అటూ ఇటూ తిరుగుతుంది. స్టాపుకు 40 మీటర్లలోపు ఆగితే అది స్టాపు ఖాతాలోకి. ఆగిన సమయానికి ఇంకో 10 సెకన్లు కలిపి తీసేయండి: 36 కి.మీ. వేగం నుంచి ఆగి మళ్లీ ఆ వేగం అందుకోవడానికి, వేగం సెకనుకు సెకనుకు 1 మీటరు చొప్పున మారితే, ఆగకుండా వెళ్లినదానికంటే అదనంగా పోయే సమయం అంతే. స్టాపు సరిగ్గా సిగ్నల్ ముందే ఉంటే రెండూ కలిసిపోతాయి. ఆ ముక్కను రద్దీ లెక్కలోకి తీసుకోకపోవడమే నిజాయితీ అని నా అభిప్రాయం.

స్టాపుకు దూరంగా, సిగ్నల్ గీత ముందు ఆగినవి మాత్రం చాలా విలువైనవి. బస్సు ఆగిన చోటు నుంచి గీత దాకా ఉన్న దూరం క్యూ పొడవుకు కనీస అంచనా. ఒకే సిగ్నల్ ముందు బస్సు రెండు వేర్వేరు చోట్ల ఆగితే, ఒక గ్రీన్‌లో దాటలేకపోయిందని అర్థం. ఉదయం 9 గంటలకు వరుసగా వచ్చే బస్సుల్లో సగం ఇలా రెండుసార్లు ఆగుతుంటే అక్కడ గ్రీన్ సమయం సరిపోవడం లేదు. ట్రాఫిక్ పోలీసుల ముందు పెట్టాల్సింది సగటు వేగం కాదు, ఇది.

రద్దీ అని ప్రకటించడానికి వేగాన్ని నేరుగా వాడకండి. అదే ముక్కలో, వారంలో అదే రోజు, అదే 15 నిమిషాలకు గత ఆరు వారాల మధ్యగత సమయం (వరుసలో పెడితే సరిగ్గా నడుమ వచ్చేది) తీసి, దానికి ఒకటిన్నర రెట్లు దాటితే గుర్తించండి. అదీ వరుసగా రెండు బస్సుల్లో కనిపిస్తేనే. ఒక్క బస్సే ఆలస్యమైతే బ్రేక్‌డౌన్ కావచ్చు. గంటకు రెండు బస్సులు తిరిగే రోడ్డు మీద ఈ పని మొదలుపెట్టకండి. బస్సు ఎన్ని వాహనాలున్నాయో లెక్కపెట్టదు, బస్సు ఇరుక్కున్న చోట బైకులు సందుల్లోంచి వెళ్లిపోతుంటాయి కూడా. వాహనాల సంఖ్య కావాలంటే కూడలిలో విడిగా లెక్కించాల్సిందే.

మీ ఊరి డేటా చేతికి రాకముందే సాధన చేయాలంటే ఫిన్లాండ్‌లోని హెల్సింకి రవాణా సంస్థ హెచ్‌ఎస్‌ఎల్ తన బస్సుల స్థానాలను ఎంక్యూటీటీ (చిన్న సందేశాలను వెంటవెంటనే పంపే పద్ధతి) ద్వారా, దాదాపు సెకనుకొకసారి, అందరికీ ఉచితంగా ఇస్తోంది. అందులో వేగం సెకనుకు మీటర్లలో ఉంటుంది, 3.6తో గుణించండి. తలుపు తెరిచి ఉందా మూసి ఉందా అన్నదీ వస్తుంది. ముందు తలుపుల సమాచారం చూడకుండా, పదేసి సెకన్లకు ఒక పాయింటు చొప్పునే ఉంచుకుని స్టాపు సమయాలు లెక్కకట్టండి, తర్వాత తలుపులతో పోల్చండి. మీ పద్ధతి ఎక్కడ తప్పుతోందో అప్పుడే తెలుస్తుంది. అక్కడి హద్దులను మాత్రం మన రోడ్లకు తేకండి. అక్కడ బస్సులు సిగ్నల్ ప్రాధాన్యం కూడా అడుగుతాయి, అంటే తమకు ముందు గ్రీన్ ఇవ్వమని సిగ్నల్‌ను కోరతాయి.